ప్యాచ్ వేశాక మొదలయ్యే పని

2022 డిసెంబర్ 28న, క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ నడుమ అమెరికా, ఐరోపా ఆఫీసులు సగం ఖాళీగా ఉండే వారంలో, షుగర్‌సీఆర్‌ఎం అనే సాఫ్ట్‌వేర్‌లోకి పాస్‌వర్డ్ లేకుండా చొరబడే దారిని ఎవరో పనిచేసే కోడ్‌తో సహా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. అప్పటికి ఆ లోపానికి ప్యాచ్, అంటే దాన్ని సరిదిద్దే అప్‌డేట్, లేదు. సీఆర్‌ఎం అంటే వ్యాపార సంస్థలు తమ ఖాతాదారుల వివరాలన్నీ ఒకచోట ఉంచుకునే సాఫ్ట్‌వేర్. ఎవరు ఏం కొన్నారు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఎప్పుడు ఏమని ఫిర్యాదు చేశారు, ఎవరికి ఎంత ధర తగ్గించారు, ఇవన్నీ అందులోనే ఉంటాయి. షుగర్‌సీఆర్‌ఎంలో ఈమెయిల్ టెంప్లేట్లు తయారుచేసుకునే భాగం తనకు అందినదాన్ని సరిగా తనిఖీ చేసేది కాదు. అందువల్ల బొమ్మ ఫైలులా కనిపించే దాంట్లో పీహెచ్‌పీ కోడ్ దాచి సర్వర్ మీదికి ఎక్కించడం సాధ్యమైంది. అలా ఎక్కిన కోడ్ వెబ్‌షెల్‌గా పనిచేస్తుంది. అంటే బయటివాడు ఎక్కడో కూర్చుని ఆదేశాలిస్తే సర్వర్ వాటిని పాటిస్తుంది. జనవరి 5న కంపెనీ హాట్‌ఫిక్స్ అనే అత్యవసర ప్యాచ్ విడుదల చేసింది, తన సొంత క్లౌడ్‌లో దాన్ని అప్పటికే వేసేశామని చెప్పింది. జనవరి 11 నాటికి ఇంటర్నెట్‌ను గాలించే సెన్సిస్ సంస్థకు కనిపించిన 3,059 షుగర్‌సీఆర్‌ఎం సర్వర్లలో 354 అప్పటికే వెబ్‌షెల్ బారిన పడి ఉన్నాయి. దాదాపు 12 శాతం. ఫిబ్రవరి 2న అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా ఈ లోపాన్ని సీవీఈ-2023-22952 పేరుతో, దాడులు నిజంగా జరుగుతున్న లోపాల జాబితాలో చేర్చి, ఫెడరల్ కార్యాలయాలకు 23వ తేదీ వరకు గడువిచ్చింది.

ఈ తేదీల వరుసలో నన్ను ఆపేది ఆ 354 అనే అంకె. ఆ సర్వర్ల యజమానులందరూ మర్నాడే హాట్‌ఫిక్స్ వేసుకున్నారనుకుందాం. ఆ తర్వాత ఎవరైనా లెక్క తీస్తే ఆ సర్వర్లన్నీ ‘ప్యాచ్ అయినవి’ అన్న గడిలోకి చేరతాయి. కానీ హాట్‌ఫిక్స్ చొరబడే దారిని మాత్రమే మూస్తుంది. అప్పటికే లోపల కూర్చున్న వెబ్‌షెల్ ఫైలును తీసేయదు, దాని ద్వారా వెళ్లిపోయిన ఖాతాదారుల జాబితాను వెనక్కి తేదు. పాము ఇంట్లోకి దూరాక కన్నం పూడ్చినట్టే ఉంటుంది ఆ పని. పెద్ద లోపం బయటపడినప్పుడల్లా యాజమాన్యాలు అడిగే ప్రశ్న, భద్రతా విభాగాలు ఇచ్చే జవాబు, పత్రికలు రాసే వార్త ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి: ప్యాచ్ ఎంత శాతం పూర్తయింది? నా అభిప్రాయంలో ఖాతాదారుల సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ కొలత మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. ప్యాచ్ వేయడం తప్పనిసరి, తక్షణం చేయాల్సిన పని. అయితే దాంతో స్పందన పూర్తి కాదు, మొదలవుతుంది. లోపం బయటపడిన రోజుకు ముందు ఎవరు లోపలికి వచ్చారు, ఏం పట్టుకుపోయారు, ఆ పోయినది ఎవరిది, వాళ్లకు ఎవరు చెబుతారు అన్నవే అసలు ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పగలమా లేదా అన్నది ప్యాచ్ వేసే వేగం కంటే, లోపం సంగతి తెలియకముందు ఆ సంస్థ ఎలా బతికిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

షుగర్‌సీఆర్‌ఎం ఉదంతం రెండో అధ్యాయం దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. పాలో ఆల్టో నెట్‌వర్క్స్ పరిశోధన విభాగం యూనిట్ 42, ఈ లోపం ద్వారా దెబ్బతిన్న కొన్ని సంస్థల్లో తాను జరిపిన దర్యాప్తును 2023 ఆగస్టులో ప్రచురించింది. ఆ సంస్థలు షుగర్‌సీఆర్‌ఎంను అమెజాన్ క్లౌడ్‌లో అద్దె సర్వర్ల మీద నడిపేవి. ఆ సర్వర్లలోనే అమెజాన్ ఖాతాకు సంబంధించిన దీర్ఘకాలిక యాక్సెస్ కీలు మామూలు అక్షరాల్లో నిల్వ ఉన్నాయి. సీఆర్‌ఎంలోకి దూరినవాడికి ఆ కీలు దొరికాయి. అంతటితో కథ సీఆర్‌ఎంను దాటిపోయింది. పాకు, స్కౌట్‌సూట్ అనే పరికరాలతో వాడు ఆ క్లౌడ్ ఖాతా అంతా కలియజూశాడు. ఈ రెండూ భద్రతా పరీక్షల కోసం నిపుణులు వాడుకునే ఓపెన్‌సోర్స్ పరికరాలే. డేటాబేస్‌లకు స్నాప్‌షాట్లు తీశాడు, నెట్‌వర్క్ రక్షణ నిబంధనలు మార్చాడు, కొత్త సర్వర్లు లేపాడు. ఇప్పుడు హాట్‌ఫిక్స్ వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. సీఆర్‌ఎం తలుపు మూసుకునేది, చొరబాటుదారు చేతిలో ఉన్న కీలు మాత్రం యథాతథంగా పనిచేస్తూనే ఉండేవి. ఆ కీలను రద్దు చేయాలని తట్టాలంటే అవి ఆ సర్వర్‌లో ఉన్నాయని ముందు తెలియాలి. తెలియాలంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆ సర్వర్ దేనిదేనితో మాట్లాడుతుందో, ఏయే అధికారాలు దాని దగ్గర ఉన్నాయో రాసిపెట్టి ఉండాలి. సీఆర్‌ఎం స్వభావమే నలుగురితో మాట్లాడటం కాబట్టి ఈ రాతపని దానికి మరీ ముఖ్యం. ఈమెయిల్ వ్యవస్థ, బిల్లింగ్, కాల్ సెంటర్, వెబ్‌సైట్‌లోని చాట్, మార్కెటింగ్ పరికరాలు ప్రతి ఒక్కటీ దానికి ఒక తీగ వేసుకుంటుంది.

ఈ రాతపని లేకపోతే నష్టం ఏ స్థాయికి వెళ్తుందో చూపిన కేసు అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌ది. క్రెడిట్ నివేదికల్లో తప్పులున్నాయని జనం ఫిర్యాదు చేసుకునే పోర్టల్ ఒకటి ఆ కంపెనీకి ఉండేది, అది అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. 2017 మార్చి 7న స్ట్రట్స్‌లో తీవ్రమైన లోపం, దానికి ప్యాచ్ రెండూ ఒకేసారి వెలువడ్డాయి. మార్చి 9న కంపెనీ లోపల 48 గంటల్లో ప్యాచ్ వేయాలన్న ఆదేశం వెళ్లింది. ఆ తర్వాత స్కానింగ్ కూడా చేశారు, ఏమీ కనబడలేదు. కాగితం మీద చూస్తే అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. కానీ ఆ పోర్టల్‌లో స్ట్రట్స్ ఉందన్న సంగతి పట్టుకోగలిగిన జాబితా ఎవరి దగ్గరా లేదు. మే 13న దుండగులు లోపలికి వచ్చారు. అక్కడ ఒక ఫైలులో ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉన్న పాస్‌వర్డ్‌లు వాళ్లకు దొరికాయి. వాటితో ఆ పోర్టల్‌కు ఏ సంబంధమూ లేని 48 డేటాబేస్‌లలోకి వెళ్లి సుమారు 9,000 ప్రశ్నలు వేశారు. 76 రోజులు ఉన్నారు. వాళ్లను పట్టించాల్సిన తనిఖీ పరికరం సర్టిఫికెట్ గడువు తీరిపోయి నెలల తరబడి గుడ్డిదై ఉంది. జులై 29న సర్టిఫికెట్ మార్చగానే అనుమానాస్పద ట్రాఫిక్ కనబడింది. 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. 2019లో కుదిరిన రాజీ కనీసం 57.5 కోట్ల డాలర్లు, గరిష్ఠంగా 70 కోట్ల డాలర్లు. చోరీ జరిగినప్పటి సీఈఓ రిచర్డ్ స్మిత్ 2017 అక్టోబర్‌లో అమెరికా కాంగ్రెస్ ముందు, ప్యాచ్ సంగతి చేరవేయాల్సిన ఒక ఉద్యోగి చేరవేయకపోవడం కారణమని చెప్పారు. ఆ వాదన నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఒక్కరు మెయిల్ పంపకపోతే 14.7 కోట్ల మంది గుట్టు బయటపడేలా ఉన్న ఏర్పాటుకు బాధ్యత ఆ ఒక్కరిది కాదు. 2018 డిసెంబర్‌లో వచ్చిన కాంగ్రెస్ కమిటీ నివేదిక కూడా ఈ చోరీ పూర్తిగా నివారించదగిందేనని తేల్చింది.

జాబితా సమస్య ఒక్క కంపెనీది కాదని 2021 డిసెంబర్‌లో లాగ్4షెల్ అనే లోపం తేల్చేసింది. ఆ లోపం ఉన్న లాగ్4జె అనే చిన్న జావా భాగం ఎన్ని వేల ఉత్పత్తుల కడుపులో ఉందో, వాటిని అమ్మినవాళ్లకే వెంటనే తెలియలేదు. మొదటి ప్యాచ్ చాలక మూడు వారాల్లో మళ్లీ మళ్లీ కొత్త వెర్షన్లు వచ్చాయి. అమెరికాలో ఒక మంత్రిత్వ శాఖ ఈ ఒక్క లోపం మీద 33,000 పనిగంటలు ఖర్చు చేసిందని 2022 జులైలో వెలువడిన ప్రభుత్వ సమీక్షా బోర్డు నివేదిక చెప్పింది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ప్యాచ్ ఉన్న కేసులు. 2025 ఆగస్టులో అసలు ప్యాచే లేని కేసు వచ్చింది. సేల్స్‌లాఫ్ట్ అనే కంపెనీకి డ్రిఫ్ట్ అనే చాట్ పరికరం ఉండేది, చాలా సంస్థలు దాన్ని తమ సేల్స్‌ఫోర్స్ సీఆర్‌ఎంకు జతచేసుకున్నాయి. ఆ అనుసంధానానికి పాస్‌వర్డ్ బదులు వాడే ఓఆథ్ టోకెన్లు దొంగల చేతికి చిక్కాయి. గూగుల్ పరిశోధకులు యూఎన్‌సీ6395 అని గుర్తు పెట్టిన ఆ ముఠా ఆగస్టు 8 నుంచి 18 వరకు ఒకదాని తర్వాత ఒకటిగా 700కు పైగా సంస్థల సేల్స్‌ఫోర్స్ ఖాతాల నుంచి డేటా లాగింది. సేల్స్‌ఫోర్స్ సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదు, వచ్చినవాడి చేతిలో ఉన్నది చెల్లుబాటయ్యే టోకెనే. ఆగస్టు 20న టోకెన్లన్నీ రద్దు చేశారు, అక్కడ ‘ప్యాచ్’ అంటే అదే. కానీ ముఠా దేనికోసం వెతికిందో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఖాతాదారులు సహాయం కోరుతూ రాసుకున్న సపోర్ట్ కేసుల పాఠంలో వాళ్లు అమెజాన్ కీలు, పాస్‌వర్డ్‌లు, స్నోఫ్లేక్ అనే క్లౌడ్ డేటా సేవ టోకెన్ల కోసం గాలించారు. సమస్యలో ఉన్న మనిషి త్వరగా పని జరగాలని తన కీని సపోర్ట్ సంభాషణలో అతికించేస్తాడు. సమస్య తీరిపోతుంది, కీ మాత్రం ఆ కేసులో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. దెబ్బతిన్నవాటిలో ఇంటర్నెట్ సేవల సంస్థ క్లౌడ్‌ఫ్లేర్ ఒకటి. పోయిన పాఠమంతా ఆ సంస్థ కూడా గాలించి, అందులో తన సేవలకు చెందిన 104 ఏపీఐ టోకెన్లు ఉన్నాయని కనుగొని, దుర్వినియోగం జాడ లేకపోయినా అన్నిటినీ మార్చేసింది. సపోర్ట్ కేసుల్లో రాసినది ఏదైనా బయటపడినట్టే భావించమని ఖాతాదారులకు చెప్పింది. ఆ పరికరాన్ని ఎంచుకున్నది తామేనని, బాధ్యత తమదేనని ఒప్పుకుంది. స్పందన అంటే నేననుకునే రూపానికి ఇది దగ్గరగా ఉంది. దొంగ ఏం చదివి ఉంటాడో అదంతా మనమూ చదవాలి, ఎవరెవరికి దానివల్ల ముప్పో వాళ్లకు మన నోటితో చెప్పాలి.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలున్నాయి. వ్యాపారాన్ని నడిపే సర్వర్లను రోజూ కాపాడుకునేవాళ్ల నుంచి వచ్చే మొదటి అభ్యంతరం గౌరవించాల్సినది. తొందరపాటు కూడా ప్రమాదమే అంటారు వాళ్లు. సీఆర్‌ఎం ఆగితే అమ్మకాలు ఆగుతాయి, కాల్ సెంటర్ మూగబోతుంది. పరీక్షించకుండా వేసిన మార్పు ఏం చేస్తుందో 2024 జులై 19న సైబర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ చూపించింది, ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి. నిజమే. కానీ ఈ వాదన ప్యాచ్‌ను ఆలస్యం చేయడానికి కారణం చూపుతుందే గానీ, ఆ ఆలస్యంలో ఊరికే కూర్చోవడానికి కాదు. పరీక్ష సాగుతుండగానే సర్వర్‌ను ఇంటర్నెట్ నుంచి వేరుచేసి సంస్థ లోపలి నెట్‌వర్క్‌కే పరిమితం చేయవచ్చు, లాగ్‌లను మరోచోటికి భద్రంగా తరలించవచ్చు, కొత్తగా పుట్టిన ఫైళ్లను, వేళకాని వేళ జరిగిన పెద్ద డౌన్‌లోడ్లను వెతకవచ్చు. షుగర్‌సీఆర్‌ఎం విషయంలో ప్యాచ్ లేని తొలివారంలో చేయగలిగినవి ఇవే. పైగా వేగం ఒక్కటే సరిపోదనడానికి ఒరాకిల్ కంపెనీ వ్యాపార సాఫ్ట్‌వేర్ ఈ-బిజినెస్ సూట్ ఒక సాక్ష్యం. 2025 అక్టోబర్ 4న ఆ కంపెనీ సీవీఈ-2025-61882కు ప్యాచ్ ఇచ్చింది. దాడులు ఆగస్టు 9 నాటికే మొదలై ఉండవచ్చని గూగుల్ దర్యాప్తు చెప్పింది. ప్యాచ్ వచ్చిన గంటలోనే వేసినవాడు కూడా ఎనిమిది వారాలు ఆలస్యమైనవాడే. అతనికి మిగిలిన దారి వెనక్కి తిరిగి చూడటమే, అందుకు ఎనిమిది వారాల లాగ్‌లు ఉండాలి.

క్లౌడ్‌కు మారితే ఈ తలనొప్పి అమ్మినవాడిదే కదా అన్నది రెండో అభ్యంతరం. ఇందులో సగం సత్యముంది, దాన్ని దాచడం సబబు కాదు. షుగర్ సొంత క్లౌడ్‌లో ఉన్నవాళ్లకు కంపెనీయే హాట్‌ఫిక్స్ వేసింది, సర్వర్ సొంతంగా నడుపుకునేవాళ్లే దాన్ని స్వయంగా వేసుకోవాల్సి వచ్చింది. భద్రతా సిబ్బంది లేని సంస్థకు క్లౌడ్ మేలైన దారి అనే నేనూ అంటాను. అయితే డ్రిఫ్ట్ ఉదంతంలో దెబ్బతిన్నవాళ్లందరూ క్లౌడ్‌లో ఉన్నవాళ్లే. క్లౌడ్‌లో సాఫ్ట్‌వేర్ లోపం అమ్మినవాడి పని అవుతుంది. ఏ పరికరానికి ఏ అనుమతి ఇచ్చాం, ఆ అనుమతి ఇంకా అవసరమా, సపోర్ట్ కేసుల్లో ఏం పేరుకుపోయింది అన్నవి మాత్రం మన దగ్గరే ఉంటాయి. మూడేళ్ల కిందట మానేసిన పరికరానికి ఇచ్చిన టోకెన్ ఇంకా బతికే ఉంటే, దాన్ని తీసేయడానికి ఏ కంపెనీ ప్యాచూ రాదు.

ఈ పనిలో తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు. సేల్స్‌ఫోర్స్‌కు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉంది. సేల్స్‌ఫోర్స్ అడ్మిన్ కోర్సు బోర్డులు అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ముందు ఏళ్లుగా వేలాడుతున్నాయి. అమెరికా బ్యాంకులు, బీమా కంపెనీల సీఆర్‌ఎంలను మాదాపూర్, గచ్చిబౌలి నుంచి కనిపెట్టుకునేవాళ్లు, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో క్లయింట్ ఆఫీసులో కూర్చుని నడిపేవాళ్లు ఎందరో. అక్కడ సెలవుల్లో లోపం బయటపడితే అలారం ముందు మోగేది చాలాసార్లు ఇక్కడి రాత్రి షిఫ్టులోనే. కానీ సర్వర్‌ను ఇంటర్నెట్ నుంచి తప్పించే నిర్ణయం సాధారణంగా క్లయింట్‌ది. అనుమతి ఇవ్వాల్సిన మనిషి సెలవులో ఉంటే టికెట్ ఎరుపు రంగులో అలాగే ఉంటుంది, రేపు తప్పు వెతికేటప్పుడు వేలు చూపేది మాత్రం షిఫ్టులో ఉన్న కుర్రాడి వైపు. రిచర్డ్ స్మిత్ సాక్ష్యాన్ని ఇక్కడివాళ్లు శ్రద్ధగా చదవాల్సింది ఇందుకే. తీవ్రమైన లోపం మీద దాడులు నడుస్తున్నప్పుడు సర్వర్‌ను వేరుచేసే అధికారం షిఫ్టులో ఉన్నవాళ్లకు ముందే రాతపూర్వకంగా ఉండాలి, దాన్ని వాడుకున్నందుకు వాళ్ల మీద చర్య ఉండకూడదు. ఒప్పందంలో ఈ వాక్యం చేర్పించడం సర్వీస్ కంపెనీల యాజమాన్యాలు తమ సిబ్బందికి బాకీ ఉన్న పని.

మన చట్టం కూడా ఇప్పుడు ఈ దిశగానే కదులుతోంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో నియమాలు వచ్చాయి. అవి పూర్తిగా అమల్లోకి వచ్చాక, డేటా పోతే ఆ డేటా ఎవరిదో వాళ్లకు జాప్యం లేకుండా చెప్పాలి, డేటా రక్షణ బోర్డుకు వెంటనే తెలిపి 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలి, లాగ్‌లను ఏడాది ఉంచాలి. తగిన రక్షణ ఏర్పాట్లు లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు, తెలియజేయకపోతే 200 కోట్ల వరకు. ఈ నిబంధనల్లో ఎక్కడా ప్యాచ్ శాతం అడగడం లేదు. ఎవరికి నష్టం జరిగింది, ఎప్పుడు చెప్పావు అని అడుగుతున్నాయి.

దీనికి వ్యాపారుల నుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది. నిర్ధారణ కాకుండా చెబితే జనం అనవసరంగా భయపడతారు, పేరు పోతుంది, చివరికి ఏమీ పోలేదని తేలితే నష్టం మాకే కదా అంటారు. నిర్ధారణ కోసం ఆగాలన్న మాట వినడానికి బాధ్యతగానే ఉంటుంది. కానీ లాగ్‌లు లేని సంస్థకు నిర్ధారణ ఎన్నటికీ జరగదు, అప్పుడు ఆగడమంటే చెప్పకపోవడమే. ఆగినన్నాళ్లూ ముప్పు ఎవరి మీద ఉంటుందో చూడాలి. సీఆర్‌ఎం నుంచి వెళ్లిన జాబితా చేతిలో ఉన్నవాడు మీ పేరుతో, మీరు కొన్న వస్తువు పేరుతో, గత నెల మీరు చేసిన ఫిర్యాదు నంబరుతో సహా ఫోన్ చేయగలడు. కేవైసీ పేరుతో, కొరియర్ పేరుతో వచ్చే మోసపు కాల్స్‌కు డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లు మన ఇళ్లలో, మన వీధుల్లో ఉన్నారు. అటు మాట్లాడేవాడికి తన ఫిర్యాదు నంబరు తెలిస్తే పెద్ద వయసు మనిషి నమ్మకుండా ఎలా ఉంటాడు? ‘మా దగ్గరి మీ వివరాలు బయటికి వెళ్లి ఉండవచ్చు, ఫలానా నంబరు నుంచి తప్ప మా పేరుతో వచ్చే ఫోన్ నమ్మకండి’ అన్న రెండు వాక్యాల తెలుగు ఎస్ఎంఎస్ ఆ మనిషికి మూడు నెలల తర్వాత వచ్చే పదిపేజీల ఇంగ్లిష్ ప్రకటన కంటే వెయ్యి రెట్లు మేలు చేస్తుంది.

ఇదంతా పెద్ద కంపెనీలకు చెప్పే మాట, యాభైమంది పనిచేసే సంస్థకు ఎక్కడ సాధ్యమన్నది చివరి అభ్యంతరం. ఖరీదైన పరికరాలు వాళ్లు కొనలేరు, నిజమే. అయితే ఈ వ్యాసంలో వచ్చిన పెద్ద నష్టాలు వేటి వల్ల పెరిగాయో ఒకసారి చూస్తే కనిపించేవి ఇవే: సర్వర్‌లో వదిలేసిన కీ, ఫైలులో రాసిపెట్టిన పాస్‌వర్డ్, గడువు తీరిన సర్టిఫికెట్, సపోర్ట్ కేసులో మిగిలిపోయిన టోకెన్. వీటిలో ఏ ఒక్కదాన్ని సరిచేయడానికీ పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడ నడుస్తోంది, దానికి ఏమేం జతచేశాం, రాత్రి దాన్ని ఆపే అధికారం ఎవరిది, లాగ్‌లు ఎక్కడికి వెళ్తున్నాయి అన్న నాలుగు విషయాలు ఒక కాగితం మీద రాసుకోవడానికి ఒక ఉద్యోగికి వారం చాలు. దానికి తోడు, అవసరం తీరిన ఖాతాదారుల రికార్డులను ఏటా తీసేయాలి. ఏడేళ్ల కిందట ఒక్కసారి ధర అడిగి వెళ్లిపోయిన మనిషి ఫోన్ నంబరు, చిరునామా ఇంకా సీఆర్‌ఎంలో ఎందుకుండాలో చిన్న సంస్థ యజమాని తన సేల్స్ మేనేజర్‌ను ఈ నెలలోనే అడగవచ్చు.